తెలిసినవాళ్ళకు కూరగాయలు అమ్మడం

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె నన్ను చూడ్డానికి ఇంటికొచ్చింది. శిక్షణలో ఇచ్చిన పుస్తకం తెచ్చి చూపించింది. అందులో ఒక బొమ్మ. ఇటు పక్క తలపాగా చుట్టిన రైతు, అటు పక్క సంచీ పట్టుకున్న ఇల్లాలు, ఇద్దరి మధ్యా ఒక బాణం గుర్తు. కింద ‘పొలం నుంచి నేరుగా వంటింటికి’ అని రాసి ఉంది.

“మేడం గారూ, మన ఉద్యోగం అంటే ఇంతేనాండి?” అని అడిగింది.

ఆ బాణం గీసినవాడు ఏనాడూ కూరగాయలు అమ్మి ఉండడు అన్నాను. పాపం, ఆ పిల్ల నేను విసుక్కున్నాననుకుంది. విసుగు కాదు. నా ఉద్యోగమంతా ఆ బాణం గీతలోనే గడిచిపోయింది. దాని గురించి ఎవరైనా ముందే నాలుగు ముక్కలు చెప్పి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో రాయను. వాటివల్ల నాకు తెలిసిందేమీ లేదు.

ఉద్యోగం పేరు, అసలు పని

మాది రాజమండ్రి. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. నాకు మార్కెటింగ్ శాఖలో ఉద్యోగం వచ్చిందనగానే మా చర్చిలో పెద్దవాళ్ళు ఇంటింటికీ తిరిగి సబ్బులు అమ్ముతానేమోనని జాలిపడ్డారు. తర్వాత నన్ను పాలకొల్లు దగ్గర ఒక చిన్న పట్నంలో రైతుల మార్కెట్ చూసుకోవడానికి వేశారు. ఊరి పేరు చెప్పను, అక్కడి మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

తెల్లారేసరికి గేటు తీయించడం, ధరల బోర్డు రాయించడం, కాటాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం పైకి కనపడే పని. అన్నిటికన్నా పెద్ద నిబంధన ఒకటుండేది. ఎవరి చేలో పండింది వాళ్ళే కూర్చుని అమ్ముకోవాలి. ఇంకొకరి సరుకు అమ్మితే దళారి కింద లెక్క, అమ్ముకోవడానికి మేమిచ్చే కార్డు రద్దు. నిబంధన మంచిదే. అది లేకపోతే రెండో నెలకల్లా మార్కెట్ అంతా వ్యాపారుల చేతిలో ఉంటుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. రైతు తానే అమ్ముకుంటే ఆ బాధ తప్పుతుందని పైవాళ్ళ ఆలోచన.

చేరిన కొత్తలో నేనూ అలాగే నమ్మాను. నా నమ్మకానికి అడ్డొచ్చినవారు సూరిబాబు గారు.

సూరిబాబు గారు కాటా ముట్టుకోరు

మార్కెట్‌కి దగ్గరలోని ఊరే ఆయనది. మెరక చేను, అందులో వంగ, బీర, ఆనప, దొండ పాదులు. చుట్టుపక్కల వరి చేలన్నీ ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతుంటే ఆయన, ఆయన భార్య మంగ గారు మాత్రం కూరగాయలే పట్టుకుని వేలాడుతున్నారు. ఆయన ముళ్ళ వంకాయలు చూస్తే కొనాలనిపించేది కాదు, ముందు చేత్తో పట్టుకుని చూడాలనిపించేది. చెరువుల కోసం లీజుకు తీసుకునే ఆయన ఒకాయన ప్రతి వేసవికీ వచ్చి అడిగేవాడు. ఏటా వచ్చే కౌలు మంచాన కూర్చుని తీసుకోవచ్చు. కాకపోతే చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ నేలలో మళ్ళీ వంగ మొక్క లేవదు. ఆ సంగతి ఆ చుట్టుపక్కల పిల్లాడినడిగినా చెబుతాడు.

అందుకని మంగ గారు కార్డు తీసుకుని మా మార్కెట్లో స్టాలు పెట్టించారు. ఇక్కడ నాలుగు రాళ్ళు మిగిలితే చేను చేనుగా ఉంటుంది, లేకపోతే చెరువవుతుంది. వాళ్ళింట్లో అప్పటి ప్రశ్న ఇదొక్కటే.

మొదటి వారంలోనే నాకు విషయం అర్థమైంది. సూరిబాబు గారు మోటారు సైకిలు మీద సరుకు తెచ్చి దింపుతారు, గోనె పరిచి అందంగా పేరుస్తారు. ఆ తర్వాత దూరంగా వెళ్ళి టీ కొట్టు దగ్గర నిలబడతారు. కాటా ముట్టుకోరు. మంగ గారు కూర్చుంటారు. తెలియనివాళ్ళు వస్తే చకచకా తూస్తారు. తెలిసినవాళ్ళు వస్తే మాత్రం చెయ్యి ఆగిపోతుంది.

“ఊరుకోండి పిన్నిగారూ, మీ దగ్గర డబ్బులేంటండి! పట్టుకెళ్ళండి” అని సంచీలో పోసి పంపించేస్తారు.

వచ్చేది ఎవరు? దగ్గర్లో ఉండేవాళ్ళు. దగ్గర్లో ఉండేవాళ్ళు ఎవరు? పిన్నిలు, బాబాయిలు, పిల్లకి పాఠం చెప్పిన మాస్టారు, వీధి చివర డాక్టరు గారి భార్య. మంచి వంకాయలన్నీ మొహమాటానికి పోతే, మిగిలిన పుచ్చులు తెలియనివాళ్ళకు అమ్మేవారు. తెలియనివాళ్ళు రెండోసారి రారు కదా.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. “మంగ గారూ, ఇలా అయితే మీరు దానధర్మాలకు స్టాలు పెట్టినట్టుందండి.”

“ఆయ్, నాకు తెలుసండి” అన్నారావిడ. “చేలో కాసిన కాయని ఇరుగు పొరుగుకి ఇస్తాం గానీ అమ్ముతామాండి? మా అత్తగారు ఉన్నప్పుడు ఆనపకాయ కోస్తే సగం ఈదిలోకే ఎల్లిపోయేది. ఇప్పుడు అదే కాయ కాటాలో పెట్టి డబ్బులడిగితే ఏమనుకుంటారండి? ఈళ్ళకి ఏం పోయేకాలం వచ్చింది అనుకోరూ?”

నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వచ్చింది. పుస్తకంలోని బాణం దూరం తగ్గించమంటుంది. మన డెల్టాలో దూరం తగ్గేకొద్దీ చుట్టరికం పెరుగుతుంది, చుట్టరికం పెరిగేకొద్దీ డబ్బు అడగడానికి నోరు రాదు. అదే సరుకు పట్టుకెళ్ళి హోల్‌సేల్ వ్యాపారికి పడేస్తే సిగ్గు లేదు. అతను ఎంతిస్తే అంతే పుచ్చుకుని వచ్చేస్తారు. పైగా గౌరవంగా ఉంటుంది.

పై నుంచి వచ్చిన ఉపాయాలు

మా పై అధికారి ఒకాయన ఉండేవారు. సారు అంటాను, చాలు. పని రాక్షసుడు, చేతికి మట్టి అంటనివ్వని మనిషి. ఏ సమస్య చెప్పినా ఆయన దగ్గర ఒక పథకం ఉండేది. నిజం చెప్పాలంటే కొన్ని మంచివే.

హోటళ్ళకు నేరుగా ఇప్పించమన్నారు. ఇప్పించాం. టిఫిన్ హోటలుకి రోజూ ఒకటే సరుకు, ఒకే పరిమాణంలో కావాలి. చేను అలా కాయదు. వాన పడితే వంగ పూత రాలిపోతుంది, హోటలాయన ఫోన్ చేసి తిడతాడు. పదిమంది రైతులు కలిసి వంతులు వేసుకుంటే తప్ప ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. ఇది మీరు రైతులకు ముందే చెప్పండి.

కాలేజీ హాస్టలుకి ఇప్పించాం. అది బాగా నడిచింది, సెలవులు ఇచ్చేదాకా. సరిగ్గా కాపు విరగకాసే రోజుల్లో పిల్లలు ఇళ్ళకు పోయారు.

అపార్టుమెంట్లకు వాట్సాప్ గ్రూపు పెట్టి వారానికో బుట్ట ఇప్పించాం. అన్నిటిలోకీ నాకు నచ్చింది ఇదే. ముందే ఎవరికేం కావాలో తెలుస్తుంది, కోసింది కోసినట్టు పోతుంది. కాకపోతే గ్రూపులో కొన్నాళ్ళకు కూరగాయలకంటే శుభోదయాలు ఎక్కువయ్యాయి. అందులోనూ మంగ గారి మేనమామ కోడలు ఒకామె చేరింది. బుట్ట ఆవిడకి ఉచితంగా వెళ్ళిపోయేదని వేరే చెప్పక్కర్లేదు.

ఏ దారిలో పంపించినా చివరికి ఒక మనిషి ఇంకో మనిషి చేతిలో పెట్టి డబ్బు అడగాలి. అక్కడ మొహమాటం కూర్చుని ఉంటే పథకం ఏం చేస్తుంది?

రత్నం, మంగ గారు

మంగ గారి పక్క స్టాలు రత్నానిది. ఇంకో ఊరు. కూలికి వెళ్తూ వెళ్తూ, కొంత నేల కౌలుకి తీసుకుని ఆకుకూరలూ బెండా వేసుకునేది. గోంగూర కట్ట కడితే పువ్వుల గుత్తిలా ఉండేది. గట్టి మనిషి, నోరు గల మనిషి. ఆవిడ కూడా మంగ గారిలాగే ఇబ్బంది పడుతుందని నాకు తెలియదు. ఒకనాడు ఆవిడ వెళ్ళే చర్చి పాస్టరు గారి భార్య వచ్చింది. రత్నం లేచి నిలబడి, కట్టలు కట్టలుగా గోంగూర సంచీలో కుక్కి, “వందనాలమ్మగారూ” అని పంపించేసింది. ఆవిడ వెనకాలే చర్చివాళ్ళు ఇంకో నలుగురు వచ్చారు.

ఇది చూసి మంగ గారు పకపకా నవ్వారు. “ఏంటి రత్నం, నీకూ ఇదే జబ్బా?”

“మరేం చెయ్యమంటారండి మంగమ్మగారూ. ఆదివారం మొహం చూడాలి కదండి.”

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. నేను చెప్పింది కాదు, వాళ్ళకే తట్టింది. మంగ గారి చుట్టాలు గేటులో కనపడగానే మంగ గారు లేచి రత్నం స్టాలులోకి వెళ్ళి కూర్చుంటారు. రత్నం ఇటొచ్చి కాటా పడుతుంది. పాస్టరు గారి భార్య కనపడితే అటూ ఇటూ మారిపోతారు. రత్నానికి పిన్నిగారు ఎవరో తెలియదు, మంగ గారికి పాస్టరు గారితో పని లేదు. ఇద్దరూ నిక్కచ్చిగా తూచి, నవ్వుతూ డబ్బు పుచ్చుకునేవారు. కొనేవాళ్ళకూ ప్రాణం సుఖంగా ఉండేది. ఉచితంగా తీసుకోవాల్సి వస్తుందని అంతకుముందు సగంమంది ఆ వైపే వచ్చేవారు కాదట.

ఇంకోమాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ రెండు ఊళ్ళలో వీళ్ళిళ్ళ గడప వాళ్ళు, వాళ్ళిళ్ళ గడప వీళ్ళు తొక్కిన అలవాటు లేదు. అలాంటిది మంగ గారి అత్తవారి వైపు ఆడవాళ్ళు రత్నం చేతి మీదుగా కూరలు తీసుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో ఒకరిద్దరు మొహం అటు తిప్పారు. వంకాయలు చూసి మళ్ళీ ఇటు తిప్పారు.

స్టాలు నిలబడింది. ఆ వేసవికి చెరువు లీజాయన వస్తే సూరిబాబు గారు మజ్జిగ ఇచ్చి పంపించారు.

సారు తనిఖీకి వచ్చిన రోజు

ఒక కమీషను వ్యాపారికి మా మార్కెట్ అంటే కంట్లో నలుసు. రత్నం మంగ గారి స్టాలులో కూర్చుని తూస్తున్న ఫోటో తీసి పైకి పంపించాడు. ఒకరి సరుకు ఇంకొకరు అమ్ముతున్నారు, ఇద్దరూ దళారులే అని ఫిర్యాదు. నిబంధన ప్రకారం అతను చెప్పింది నిజం.

సారు స్వయంగా దిగారు. వచ్చేసరికి సరిగ్గా రత్నమే మంగ గారి కాటా దగ్గర ఉంది.

“ఈ స్టాలు ఎవరిది?”

“మంగమ్మగారిదండి.”

“మరి నువ్వెవరు?”

“పక్క స్టాలండి.”

సారు నా వైపు చూశారు. “ఇద్దరి కార్డులూ తీసుకోండి” అన్నారు. కార్డు పోతే స్టాలు పోతుంది, స్టాలు పోతే ఆ చేను ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా టీ కొట్టు దగ్గర్నుంచి సూరిబాబు గారు పరుగున వచ్చారు. సారు మొహం పరకాయించి చూసి, రెండు చేతులూ జోడించారు.

“తమరు మా పెద్ద వీధి సత్యనారాయణ గారి అల్లుడుగారు కదండీ! మీ పెళ్ళికి పందిరి దగ్గర నిలబడింది నేనేనండి. ఎంత మాట, అల్లుడుగారు మా కొట్టుకి వస్తే మంచినీళ్ళయినా ఇవ్వలేదు!”

ఇక చూసుకోండి. గోదావరి జిల్లాల్లో ఊరి అల్లుడంటే ఊరందరికీ అల్లుడే. క్షణంలో రెండు సంచులు నిండాయి. వంకాయలు, లేత బీరకాయలు, పొట్టి ఆనపకాయ ఒకటి. కారులో పెట్టబోతున్నారు. సారు మొహం ఎర్రబడింది. తనిఖీకి వచ్చిన అధికారి కారులో రైతు కూరగాయల సంచులు! పర్సు తీశారు.

“డబ్బు తీసుకోండి.”

“అల్లుడుగారి దగ్గర కూరగాయలకి డబ్బు పుచ్చుకున్నానంటే మా ఈదిలో తలెత్తుకుని తిరగ్గలనాండి?”

“తీసుకోకపోతే నేను లంచం తిన్నట్టు అవుతుందండి.”

“లంచం బయటోళ్ళకండి. తమరు మావోరు.”

తీసుకోమని ఈయన, తీసుకోనని ఆయన. జనం పోగయ్యారు. సంచులు వద్దని వెళ్ళిపోతే అత్తవారి ఊరిని అవమానించినట్టు. సాయంత్రానికి భార్యకు ఫోన్ వెళ్తుంది, అది సారుకి నాకన్నా బాగా తెలుసు. అప్పుడు నేను అన్నాను. “సార్, ఆ సంచులు రత్నానికి ఇవ్వండి. తను మీకేమీ కాదు.”

రత్నం సంచులు కాటాలో పెట్టింది. ధర చెప్పింది. సారు ఇచ్చారు, ఆవిడ పుచ్చుకుంది. సూరిబాబు గారు ఆ కాసేపూ అటు తిరిగి ఆకాశం చూశారు. అందరూ బతికిపోయారు.

కారు ఎక్కుతూ సారు నన్ను పిలిచారు. “నేను దీని మీద ఏమీ రాసివ్వను. కార్డులు వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి” అన్నారు. తలుపు వేసుకోబోతూ, “మిగతా స్టాళ్ళు కూడా ఇలాగే చూసి వేయండి, ఒక ఊరివాళ్ళ పక్కన ఇంకో ఊరివాళ్ళని” అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకున్న పాత కోపాలు చాలావరకు పోయాయి.

అలాగే వేశాను. కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పే పని రహస్యం ఏదైనా ఉందంటే ఇదే. కాటాలూ బోర్డులూ ఎవరైనా చూస్తారు. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూడండి. దానికి ఊళ్ళు తిరగాలి, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసుకోవాలి, నాలుగు ఇళ్ళలో కాఫీ తాగాలి. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

రత్నం వెళ్ళిపోయింది

రత్నం సాగు చేసే నేల ఆవిడది కాదు. ఆ నేలగలాయన ఒక వేసవిలో చెరువుకి ఇచ్చేశాడు. ఆయన్ను నేను వెళ్ళి బతిమాలాను. “నాకూ ఇల్లు గడవాలండి” అన్నాడు. మార్కెట్ ఎంత బాగా నడిపినా కౌలు రైతు కింద నేల లాగేస్తే మనం చేయగలిగింది ఏమీ లేదు. ఈ మాట మీటింగుల్లో ఎవరూ అనరు. నేనూ బాధతోనే అంటున్నాను.

రత్నం కడియంలో చెల్లెలి దగ్గరకు వెళ్ళి నర్సరీల్లో కూలికి కుదిరింది. వెళ్ళే ముందు మార్కెట్‌కి వచ్చి మంగ గారి పక్కన కాసేపు ఊరికే కూర్చుంది.

పక్క స్టాలుకి ఎవరినైనా వేద్దామంటే మంగ గారి ఊరివాళ్ళు తప్ప ఎవరూ ముందుకు రాలేదు. ఇటు చెరువు లీజాయన మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు. సూరిబాబు గారు నా దగ్గరకొచ్చి తల దించుకుని చెప్పారు.

“ఇంక మావల్ల కాదండి మేడం గారూ. రత్నం లేకపోతే మళ్ళీ మొదటికే వచ్చేత్తాం. సోమవారం కబురు చెప్తానన్నాను ఆయనకి.”

మంగ గారు పక్కనే ఉన్నారు. “సోమవారందాకా నేను కూకుంటానండి” అన్నారు.

ఆ సోమవారం నేను గేటు దగ్గరే తచ్చాడుతున్నాను. పొద్దెక్కాక మంగ గారి వియ్యపురాలు రాజేశ్వరి గారు వచ్చారు. పాలకొల్లు గుడికి వెళ్ళి తిరిగి వస్తూ మార్కెట్లో ఆగడం ఆవిడకు అలవాటు. మంగ గారి కూతురి అత్తగారు. పిల్లనిచ్చినవాళ్ళు ఆ ఇంటివాళ్ళ దగ్గర రూపాయి పుచ్చుకోవడం మన వైపు ఎక్కడైనా ఉందా? ఇన్నాళ్ళూ ఆవిడ వస్తే రత్నమే తూచేది. ఇప్పుడు పక్క స్టాలు ఖాళీగా ఉంది.

“బాగున్నారా వదినగారూ” అంటూ రాజేశ్వరి గారు వంకాయలు ఏరడం మొదలుపెట్టారు. మంగ గారు చూస్తూ కూర్చున్నారు. ఏరడం అయ్యాక ఆ కాయలు తీసుకుని, ఒక్క క్షణం చేతిలోనే ఉంచుకుని, కాటాలో పెట్టారు. తల ఎత్తకుండానే ధర చెప్పారు. టీ కొట్టు దగ్గర సూరిబాబు గారు గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు.

రాజేశ్వరి గారు మంగ గారి మొహం చూశారు, ఖాళీ స్టాలు చూశారు. సంచీలోంచి నోటు తీసి ఇచ్చారు. మంగ గారు పుచ్చుకున్నారు. రాజేశ్వరి గారు మాత్రం కదల్లేదు.

“ఇదేంటండి వదినగారూ? ఇందాక ఆవిడెవరికో కొసరేశారు. నాకెయ్యరా? నేనేమన్నా పరాయిదాన్నా?”

మంగ గారు చప్పున తలెత్తారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వు వచ్చేసింది. రెండు చేతులా వంకాయలు తీసి ఆవిడ సంచీలో పోశారు. “చాలండీ బాబూ, చాలు” అంటున్నా ఇంకో రెండు వేశారు.

సూరిబాబు గారు టీ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చారు. లుంగీ సర్దుకుని, మంగ గారిని కాస్త పక్కకు జరగమని, గోనె మీద కూర్చున్నారు. జేబులో ఫోన్ మోగింది. చెరువు లీజాయన.

“మాకు కుదరదండి” అన్నారు. అవతల ఆయన ఎందుకని అడిగినట్టున్నాడు. అప్పటికే ఎవరో సంచీ తెరిచి బీరకాయల ముందు వంగారు.

“బేరం వచ్చిందండి, తర్వాత మాట్లాడతాను” అని ఫోన్ పెట్టేసి, సూరిబాబు గారు కాటా తన వైపు లాక్కున్నారు.